11 కేబీల బ్యాకప్పు

"ఎక్స్‌పోర్ట్" అన్న మీటకి తెలుగులో పేరు పెట్టమంటే నేను "తృప్తి మీట" అని పెడతాను. నొక్కగానే చిన్న దస్త్రమొకటి దిగుతుంది, మనసు కుదుటపడుతుంది, లోపల ఏముందో తెరిచి చూసేవాడుండడు. నెలకి మూడొందలు కట్టి మైన్‌క్రాఫ్ట్ సర్వర్ నడుపుకునే కుర్రాడి దగ్గర్నుంచి, మాదాపూర్లో కూచుని డిజాస్టర్ రికవరీ మీద నలభై స్లైడులు చేసే మనదాకా అందరిదీ ఒకటే జబ్బు. ఈ టపాలో మొదటివాడి తరఫున మాట్లాడతా. మనకి జీతమొస్తుంది, వాడికి రాదు కాబట్టి.

చెప్పదల్చుకున్నది ముందే చెప్పేస్తా, ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. గేమ్ సర్వర్ మూసని, అదేనండీ టెంప్లేటుని, ఎక్స్‌పోర్ట్ చేసి చేతిలో పెట్టి "ఇదిగో మీ బ్యాకప్పు, ఎక్కడికైనా పట్టుకుపొండి" అనడం పచ్చి అబద్ధం. హోస్టింగ్ అమ్మేవాడు తెలిసి చెబితే అది మోసం. తెలియక చెబితే వాడు ఆ వ్యాపారానికే పనికిరాడు.

టెరోడాక్టిల్ అని ఒక ఓపెన్‌సోర్స్ పానెల్ ఉంది. గేమ్ హోస్టింగ్ చేసేవాళ్ళలో చాలామంది దాని మీదో, దాన్నుంచి చీలి వచ్చిన పెలికన్ మీదో బతుకుతున్నారు. ఎగిరే బల్లి పేరు పెట్టుకున్నారు కదా, లోపలి పేర్లూ ఆ బాపతే. ఆటల వర్గాన్ని గూడు అంటారు, ఒక్కో ఆటకీ ఉండే మూసని గుడ్డు అంటారు, మిషన్ మీద కూచుని సర్వర్లని నిజంగా నడిపే ప్రోగ్రామ్‌ని రెక్కలు అంటారు. అడ్మిన్ పేజీలో గుడ్డుని ఎక్స్‌పోర్ట్ చేస్తే ఒక జేసన్ దస్త్రం వస్తుంది. దాన్ని ఇంకో పానెల్లో ఇంపోర్ట్ చేస్తే అదే మూస అక్కడ తయారవుతుంది.

నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, రాకెట్ సైన్సేం కాదు. ఏ డాకర్ ఇమేజ్ వాడాలి, సర్వర్ని ఏ కమాండ్‌తో లేపాలి, ఎలా ఆపాలి, మొదటిసారి ఇన్‌స్టాల్ చేసే స్క్రిప్టు ఏంటి, వేరియబుల్స్ ఏంటి, వాటి డిఫాల్ట్ విలువలేంటి. అంతే. మీ సర్వర్‌కి మీరు పెట్టుకున్న అసలు విలువలు ఉండవు. ఐపీ, పోర్టు ఉండవు. ఎంత మెమరీ ఇచ్చారో ఉండదు. తెల్లవారుజామున నాలుగింటికి రీస్టార్ట్ అవ్వాలని పెట్టుకున్న షెడ్యూల్ ఉండదు, తోటి అడ్మిన్ల పేర్లుండవు, డేటాబేసు ఉండదు. ఇక ఆటలో కట్టుకున్న ప్రపంచం సంగతంటారా, దాని ఊసే ఉండదు. గుడ్డు ఇచ్చి కోడిని అప్పజెప్పానంటే ఎలాగండీ?

ఇది పానెల్ రాసినవాళ్ళ తప్పని నేననను. వాళ్ళెక్కడా గుడ్డుని బ్యాకప్పు అనలేదు. మూసలు ఒకరికొకరు పంచుకోడానికి పెట్టిన సౌకర్యం అది, దానికది చాలా మంచిది కూడా. పానెల్ నడిపేవాడు డేటాబేసునీ, ఎన్విరాన్‌మెంట్ ఫైల్లో ఉండే యాప్ కీనీ విడిగా భద్రపరుచుకోవాలని వాళ్ళ డాక్యుమెంటేషన్ గట్టిగానే చెబుతుంది. ఆ కీ పోతే డేటాబేసులో ఎన్‌క్రిప్ట్ చేసి దాచిన పాస్‌వర్డులు ఇక తెరుచుకోవు. మధ్యలో దుకాణం పెట్టినవాడు ఇవేవీ కస్టమర్‌కి చెప్పడు. "ఒక్క క్లిక్కుతో మైగ్రేషన్" అని బోర్డు మాత్రం పెడతాడు.

మాది పటమట. మా బాబాయి వాళ్ళకి ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డుంది. ఆటోనగర్ ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం: కంపెనీ నుంచి లారీ చాలాసార్లు ఛాసిస్‌గానే వస్తుంది, క్యాబిన్, తొట్టి వగైరా ఇక్కడి షెడ్లలో కడతారు. పక్క సందులో కమాను కట్టలవాడు, ఎదురుగా లేత్ మిషను, ఇంకాస్త ముందుకెళ్తే రేడియేటర్లవాడు, అద్దాలవాడు. అక్కడ కొలతల కాయితం విలువ అందరికీ తెలుసు. పాత బండి కొలతలుంటే అచ్చం అలాంటి తొట్టే మళ్ళీ కట్టొచ్చు. కానీ కొలతల కాయితం చేతిలో పెట్టి "మీ బండీ, అందులోని లోడూ ఇచ్చేశాను" అని చెప్పే మగాడు ఆటోనగర్ మొత్తంలో ఒక్కడు దొరకడు. చెప్తే సాయంత్రానికల్లా షెడ్డు ముందు పదిమంది లారీ ఓనర్లుంటారు. మన సాఫ్ట్‌వేర్‌లో మాత్రం చెప్పొచ్చు, పైగా "సర్" అని కూడా కలిపి.

ఆ షెడ్డు పైనున్న గదిలో మా బాబాయి కొడుకు, వాడి స్నేహితులు కలిసి 2020 లాక్‌డౌన్లో ఒక మైన్‌క్రాఫ్ట్ సర్వర్ మొదలెట్టారు. మొత్తం పదకొండు మంది, పటమట, కానూరు, సింగ్‌నగర్ పిల్లలు. మూడేళ్ళు కట్టారు. ప్రకాశం బ్యారేజీ కట్టారు, లెక్కపెట్టి 70 గేట్లూ పెట్టారు, ప్రతి గేటుకీ రెడ్‌స్టోన్‌తో పనిచేసే మీట. దుర్గమ్మ కొండ, కింద ఘాట్, ఇవతల ఆటోనగర్, అందులో వాళ్ళ షెడ్డు, షెడ్డులో సగం కట్టిన లారీ. నేను వెళ్ళినప్పుడల్లా తిప్పి చూపించేవాడు. ఆట నాకంత ఎక్కదు కానీ బ్యారేజీ గేట్లు వరసగా లేస్తుంటే, ఒప్పుకోవాలి, బాగుండేది.

2023 వేసవిలో ఫోను. "అన్నయ్యా, హోస్టింగ్ వాడు మిషన్లు మారుస్తున్నాడంట, బ్యాకప్పు మెయిల్ చేశాడు. ఇంకోచోట ఎక్కిస్తే అంతా కొత్తగా వస్తంది, ఓసారి చూడవా?"

"సైజెంత్రా?"

"పదకొండు కేబీలు."

"మీ ప్రపంచం ఎంతుండేది?"

"ఆరు జీబీ పైనే. అది కూడా ఇందులోనే ఉంటదంటగా?"

ఏం చెప్పను? తెరిచి చూశా. గుడ్డు. ఎవరికైనా దొరికే మామూలు పేపర్ మూసకి వాడి లోగో తగిలించి పంపాడు. నేను హోస్టింగ్ వాడికి రాశా. జవాబు ఒకరోజు తర్వాత వచ్చింది: కాన్ఫిగరేషన్ ఎక్స్‌పోర్ట్ ఇచ్చాం సర్, వారం ముందే తెలియజేశాం, డేటా బాధ్యత కస్టమర్‌దేనని షరతుల్లో ఉంది, పాత మిషన్లు ఫార్మాట్ అయిపోయాయి. ఇంకా తవ్వితే తేలిందేంటంటే, వీళ్ళ ప్లాన్లో పానెల్ బ్యాకప్పుల పరిమితిని సున్నాగా పెట్టి ఉంచాడు. అంటే పానెల్లో బ్యాకప్పు సౌకర్యం ఉంది, దాన్ని కట్టేసి పెట్టింది వాడే. కట్టేసినవాడే తర్వాత "బాధ్యత మీదే" అన్నాడు. పంపిన మెయిల్లో "బ్యాకప్పు" అన్న మాట వాడింది కూడా వాడే. పదిహేడేళ్ళ పిల్లాడు ఆ మాట నమ్మడం తప్పా? ఇందులో పిల్లల అమాయకత్వం చూసి నవ్వేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

"ఆ మూసైనా ఇచ్చాడు కదా, ఎంతో కొంత నయం" అంటారేమో. అదీ చూద్దాం. పేపర్ మూసలో మైన్‌క్రాఫ్ట్ వెర్షన్ అనే వేరియబుల్ డిఫాల్ట్ "లేటెస్ట్". మీరు ఏడాది క్రితం వెర్షన్ మీద ఆడుతున్నా ఆ సంగతి గుడ్డులో ఉండదు. కొత్తచోట ఇంపోర్ట్ చేసి ఇన్‌స్టాల్ కొడితే ఆ రోజుకి ఏది కొత్తదైతే అది దిగుతుంది. పాత ప్రపంచం కాపీ అదృష్టం కొద్దీ దగ్గరుండి దాని మీద పెట్టి లేపారనుకోండి, ప్రపంచం కొత్త వెర్షన్‌కి మారిపోతుంది, వెనక్కి తేవడానికి సరైన దారి లేదు. సగం ప్లగిన్లు పనిచెయ్యవు. అంటే డేటా పక్కన పెట్టుకోకుండా మూసని గుడ్డిగా నమ్మితే, మిగిలిన డేటాని కూడా అది పాడు చెయ్యగలదు.

ఇంకో ముచ్చట. ఆన్‌లైన్ మోడ్ అన్న ఒక్క సెట్టింగ్ అటుదిటు అయితే చాలు, ప్రతి ఆటగాడి గుర్తింపు సంఖ్యా మారిపోతుంది. ఒక మోడ్‌లో ఆ సంఖ్య అతని ఖాతా నుంచి వస్తుంది, రెండో మోడ్‌లో పేరు నుంచి లెక్కకడతారు. సామాన్లన్నీ ఆ సంఖ్య పేరుతో ఉన్న ఫైల్లో ఉంటాయి. ఫైళ్ళన్నీ భద్రంగా కొత్త మిషన్‌కి వచ్చినా, లాగిన్ అయినవాడికి ఖాళీ చేతులే. ఆ సెట్టింగ్ ఉండేది సర్వర్.ప్రాపర్టీస్‌లో. అది గుడ్డులో రాదు. కౌంటర్‌స్ట్రైక్ 1.6 నడిపిన హాస్టల్ బ్యాచులకి గుర్తుండే ఉంటుంది, సర్వర్.సీఎఫ్‌జీ కాపీ చేసుకుని మ్యాప్‌సైకిల్, బ్యాన్ లిస్టు, అడ్మిన్ల యూజర్స్.ఐఎన్ఐ మర్చిపోయి, కొత్త సర్వర్లో అడ్మినే అడ్మిన్ కాకుండా పోవడం :)

అసలు మన బ్లాగ్లోకానికి ఇది కొత్త కాదు. బ్లాగర్లో థీమ్ బ్యాకప్పు అని ఒకటుంది, పూర్వం టెంప్లేట్ అనేవాళ్ళు. దించుకుంటే ఒక ఎక్స్ఎంఎల్ వస్తుంది. అందులో రంగులు, పక్కపట్టీ, విడ్జెట్ల అమరిక ఉంటాయి. మీరు రాసిన టపా ఒక్కటీ ఉండదు. టపాలు, వ్యాఖ్యల బ్యాకప్పు సెట్టింగుల్లో వేరేచోట ఉంటుంది, అది కూడా ఎక్స్ఎంఎల్లే. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల జరిగే అనర్థం ఎంతో ఈ ఒక్క ముక్కతో మీకర్థమయ్యే ఉంటుంది.

పోనీ పెద్దవాళ్ళకి ఇలాంటివి జరగవా అంటే, 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్‌లోని ఓవీహెచ్ డేటా సెంటర్లో ఒక భవనం కాలిపోయింది. రస్ట్ అనే ఆట తయారుచేసే ఫేస్‌పంచ్ వాళ్ళ ఐరోపా సర్వర్లు 25 అందులో పోయాయి. డేటా వెనక్కి రాదని వాళ్ళే ప్రకటించారు. మిషన్లు మార్చి ఖాళీ సర్వర్లని మళ్ళీ లేపగలిగారు, అంటే మూస ఉంది, సరుకు లేదు. రస్ట్‌లో ఎలాగూ ప్రతి నెలా మొదటి గురువారం ప్రపంచాన్ని తుడిచేస్తారు కాబట్టి ఆటగాళ్ళు కొన్నాళ్ళు తిట్టుకుని సర్దుకున్నారు. మైన్‌క్రాఫ్ట్‌లో ఆ అలవాటు లేదు, మూడేళ్ళది మూడేళ్ళే. అదే అగ్నిప్రమాదంలో బ్యాకప్పు కూడా అదే చోట పెట్టినందుకు ఒక కస్టమర్‌కి నష్టపరిహారం ఇమ్మని 2023లో లీల్‌లోని వాణిజ్య న్యాయస్థానం ఓవీహెచ్‌ని ఆదేశించింది. మన ఆటోనగర్ పిల్లాడు ఏ కోర్టుకెళ్తాడు? మూడొందల ప్లానుకి?

అగ్గి సంగతి అయింది, ఇక నీళ్ళు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉంది. అవే రోజుల్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. అంతకు ఏడాది ముందు, ప్రపంచం పోయాక, ఈ పదకొండు మందిలో ఒకడి దగ్గర 2021 నాటి పాత కాపీ దొరికింది. బ్యారేజీకి అప్పటికి సగం గేట్లే. దాని మీద మళ్ళీ మొదలెట్టారు. ఆ కుర్రాడిది సింగ్‌నగర్, గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. వరదకి పీసీ, దాని పక్కనే అరలో పెట్టిన ఎక్స్‌టర్నల్ డిస్కు రెండూ మునిగాయి. అప్పటికి మావాడు ప్రతి ఆదివారం ఒక కాపీ షెడ్డు పైనున్న గదిలో పెడుతున్నాడు కాబట్టి ప్రపంచం నిలబడింది. ఈసారి మిగిల్చింది మూస కాదు, వేరే పేటలో ఉన్న కాపీ. టెరోడాక్టిల్లో పానెల్ నుంచి తీసే బ్యాకప్పు కూడా, ఎస్3 లాంటి బయటి చోటు చూపించకపోతే, అదే మిషన్లో పక్క ఫోల్డర్లో కూచుంటుంది. సర్వర్ ఫైళ్ళు ఒక అరలో, వాటి బ్యాకప్పు పక్క అరలో. సింగ్‌నగర్ అర లాగే.

ఇంతా చదివి "ఆటే కదా బాసూ, దీనికింత గోలెందుకు" అనేవాళ్ళుంటారు, తెలుసు. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్లో ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడినప్పుడు, ఉద్యోగులు ఫైళ్ళు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు పోయాయి, బయటెక్కడా కాపీ లేదు. అది ఆట కాదు. అక్కడా ఏదో ఒక దశలో ఎవరో ఒకరు "బ్యాకప్పుందా?" అన్న గడిలో టిక్కు పెట్టే ఉంటారు. పైగా మా తమ్ముడు లినక్స్ నేర్చుకున్నది కాలేజీలో కాదు, ఈ సర్వర్ మీదే. రేపు మీ టీములో చేరేది వాడే. మూసకీ బ్యాకప్పుకీ తేడా లేదని నేర్పించి పంపుదామా?

కాబట్టి సర్వర్ ఉన్న ప్రతివాడూ ఒక ఆదివారం కూచుని చెయ్యాల్సిన పని. ముందు కన్సోల్లో సేవ్-ఆఫ్, ఆ తర్వాత సేవ్-ఆల్ ఫ్లష్ కొట్టండి, లేదా సర్వర్‌ని పూర్తిగా ఆపెయ్యండి. నడుస్తుండగా కాపీ చేస్తే సగం రాసిన ఫైళ్ళొస్తాయి. ఎస్ఎఫ్‌టీపీతో మొత్తం ఫోల్డరు దించండి, ప్రపంచం ఒక్కటే కాదు: ప్రాపర్టీస్, వైట్‌లిస్ట్, ఆప్స్, బ్యాన్ జాబితాలు, ప్లగిన్ల ఫోల్డరు అన్నీ. ప్లగిన్లు మైఎస్‌క్యూఎల్ వాడుతుంటే దాని డంపు విడిగా తియ్యండి, అది ఈ ఫోల్డర్లో ఉండదు. దించడం అయ్యాక సేవ్-ఆన్ మర్చిపోకండి. తర్వాత స్టార్టప్ పేజీలో ఉన్న విలువలు, వెర్షన్, బిల్డ్ సంఖ్య, మెమరీ, పోర్టులు, షెడ్యూళ్ళు ఒక టెక్స్ట్ ఫైల్లో రాసుకోండి. మీదే పానెల్ అయితే గుడ్డు కూడా తీసి పక్కన పెట్టుకోండి, మూసని తీసిపారెయ్యమనట్లేదు. మూస లేకుండా ప్రపంచం ఒక్కటే ఉన్నవాడు కూడా రెండు రోజులు తల పట్టుకుంటాడు.

గుడ్డు బయట ఎవరికైనా ఇచ్చే ముందు మాత్రం డిఫాల్ట్ విలువలు ఒకసారి చదవండి. ఆర్‌కాన్ పాస్‌వర్డునీ, స్టీమ్ సర్వర్ టోకెన్నీ డిఫాల్ట్‌గా పెట్టేసి, ఆ జేసన్ని డిస్కార్డ్‌లో "అందరూ వాడుకోండి" అని పోస్టు చేసిన మహానుభావుల్ని చూశా. తెలియనివాడి గుడ్డు మీరు ఇంపోర్ట్ చేస్తున్నా అంతే, అందులోని ఇన్‌స్టాల్ స్క్రిప్టు మీ మిషన్ మీదే నడుస్తుంది.

ఇదంతా అయ్యాక అసలు పరీక్ష. ఈ కాపీతో మీ లాప్‌టాప్ మీద సర్వర్ లేపి, లోపలికెళ్ళి, మీ పెట్టెలో మీ సామాన్లు ఉన్నాయో లేదో చూడండి. లేవలేదంటే మీ దగ్గర బ్యాకప్పు లేదు.

హోస్టింగ్ వాళ్ళని నేనడిగేది మూడే. ఎంత చవక ప్లానైనా బ్యాకప్పు పరిమితి సున్నా పెట్టకండి, ఒకటైనా ఇవ్వండి, డిస్కు ఖర్చు కావాలంటే బిల్లులో వేసుకోండి. మిషన్లు తుడిచే ముందు కనీసం నెల రోజుల గడువివ్వండి. టెంప్లేట్ ఎక్స్‌పోర్ట్ పంపే మెయిల్లో మొదటి లైనుగా "ఇందులో మీ ఆట డేటా లేదు" అని తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయండి. ఈ మూడోదానికైతే పైసా ఖర్చు లేదు. అయినా ఇప్పటిదాకా నాకు తగిలిన ఐదారు హోస్టింగుల్లో ఒక్కడూ రాయలేదు. మీకెవరైనా కనిపిస్తే పేరు చెప్పండి, మా తమ్ముడి బ్యాచ్ వచ్చే నెల హోస్టింగ్ మారుస్తున్నారు.

ఇక మనవాళ్ళు. గ్రఫానా డాష్‌బోర్డు జేసన్ దించుకుని "మానిటరింగ్ బ్యాకప్పు అయింది" అని టికెట్ మూసేసినవాళ్ళు ఇది చదువుతున్నవాళ్ళలోనే ఉన్నారు. ఆ జేసన్లో గీతలు గీసే పద్ధతి ఉంటుంది, గీయాల్సిన అంకెలుండవు. సోమవారం ఆఫీసుకెళ్ళాక ఆ టికెట్ మళ్ళీ తెరవండి.